ఊపిరి, మందు, న్యాయం: పరుగు పోటీల్లో ఉబ్బసం మందుల వాడకం – ఉత్తరాంధ్ర నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉబ్బసం ఉన్న పరుగు క్రీడాకారులకు మందు అవసరం. అదే మందు మరో రూపంలో, మరో మోతాదులో నిషేధిత పదార్థం అవుతుంది. ఈ మందులు వాడేవారికి అదనపు లాభం కలుగుతోందా అన్నదే న్యాయానికి సంబంధించిన ప్రశ్నగా ఇంతవరకు ఎక్కువగా చర్చకు వచ్చింది. ఆ చర్చలోని ప్రధాన వాదాలను ఈ వ్యాసం వివరిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పరిస్థితుల్లో ఈ ప్రశ్నకు మరో ముఖం ఉందని ప్రతిపాదిస్తుంది. నిబంధన అందరికీ ఒకటే అయినా, జబ్బును రుజువు చేసుకునే అవకాశం అందరికీ ఒకటి కాదు. ఆయాసం, ఉత్ప్రేరకం, డోపీ అనే తెలుగు మాటల వాడుక ఈ అసమానతకు ఎలా తోడవుతోందో కూడా వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉబ్బసం, సాల్బుటమాల్, టెర్బుటలిన్, డోపింగ్, చికిత్సార్థ మినహాయింపు, ఉత్తరాంధ్ర, క్రీడాపరిభాష.

1. ఉపోద్ఘాతం

2014 జూలైలో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మహిళల 53 కిలోల వెయిట్‌లిఫ్టింగ్ పోటీ జరిగింది. విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి మూడో స్థానంలో నిలిచి కాంస్య పతకం అందుకుంది. స్వర్ణం గెలిచిన నైజీరియా క్రీడాకారిణి చికా అమలాహాకు అప్పటికి 16 ఏళ్లు. ఆమె నమూనాలో అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ అనే రెండు పదార్థాలు బయటపడ్డాయి. పతకం రద్దయింది. పాపువా న్యూగినీకి చెందిన డికా టౌవాకు స్వర్ణం, సంతోషికి రజతం, భారత్‌కే చెందిన స్వాతి సింగ్‌కు కాంస్యం దక్కాయి.

ఆ రెండు పదార్థాలూ రక్తపోటు ఉన్నవారికీ, ఒంట్లో నీరు చేరినవారికీ వైద్యులు మామూలుగా రాసే మందులే. అవి మూత్రాన్ని ఎక్కువ చేస్తాయి. అందువల్ల బరువు త్వరగా తగ్గుతుంది. వేరే నిషేధిత పదార్థాల జాడ పలచబడుతుంది. రోగి చేతిలో చికిత్స అయినది పోటీ వేదిక మీద సాటివారికి అన్యాయం కావచ్చునని ఈ ఉదంతం చూపుతుంది. ఆ అన్యాయం ఎంత వాస్తవమైనదో ఉత్తరాంధ్రకు తెలుసు. రజతం అందవలసిన క్షణంలో సంతోషి కాంస్యంతో నిలబడింది. నిషేధ నిబంధనలు ఉండటం వల్లనే ఆమె స్థానం ఆమెకు తిరిగి వచ్చింది.

వెయిట్‌లిఫ్టింగ్‌లో కనిపించిన ఈ చిక్కు పరుగు పందేల్లో మరింత జటిలమవుతుంది. పరుగుకు ఆధారం ఊపిరి. ఊపిరితిత్తుల జబ్బుకు వాడే మందు నేరుగా పరుగు సామర్థ్యానికి సంబంధించినదిగా కనిపిస్తుంది. కనుక ఉబ్బసం మందు వాడే పరుగరి మీద అనుమానం పడటం సులభం. ఆ అనుమానంలో ఎంత నిజముంది? నిబంధన ఎక్కడ గీత గీసింది? ఆ గీతకు ఇవతల నిలబడగలిగే అవకాశం ఒక పల్లెటూరి క్రీడాకారుడికి ఎంత ఉంది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పరుగులో ఊపిరి – ఉబ్బసం స్వరూపం

విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి సుమారు 6 లీటర్ల గాలి పీలుస్తాడు. వేగంగా పరుగెత్తే క్రీడాకారుడు 100 లీటర్లకు పైగా పీల్చవలసి వస్తుంది. అంత గాలి ముక్కు ద్వారా వెళ్లదు. నోటితో పీల్చక తప్పదు. ముక్కులో వెచ్చబడి, తడి చేరి, దుమ్ము వడకట్టబడి లోపలికి వెళ్లవలసిన గాలి నేరుగా శ్వాసనాళాలను తాకుతుంది. నాళాల లోపలి పొరలోని తేమ ఆవిరైపోతుంది. ఆ పొడితనానికి అక్కడి కణాలు స్పందించి హిస్టమిన్ వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, దారి ఇరుకవుతుంది. దీనిని వైద్యులు వ్యాయామజన్య శ్వాసనాళ సంకోచం అంటారు. పరుగు ఆపిన 5 నుంచి 10 నిమిషాలలో ఇది తీవ్రమవుతుంది. పిల్లికూతలు, దగ్గు, ఛాతీ పట్టేసినట్లుండటం దీని లక్షణాలు.

మామూలు ఉబ్బసం లేనివారిలోనూ ఇది రావచ్చు. ఏళ్ల తరబడి కఠిన సాధన చేసే దూరపు పరుగరులు, ఈతగాళ్లు, శీతల దేశాల మంచుక్రీడాకారులలో ఇది సామాన్య ప్రజలలో కన్నా ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఉబ్బసం ఉన్నవారు పరుగుకు పనికిరారన్న నమ్మకం కూడా సరికాదు. 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పిన పౌలా రాడ్‌క్లిఫ్‌కు ఉబ్బసం ఉంది. మరోవైపు ఇథియోపియా మహాపరుగరి హైలె గెబ్రెసెలాసీ ఉబ్బసం కారణంగానే, గాలి కాలుష్యానికి భయపడి, 2008 బీజింగ్ ఒలింపిక్ మారథాన్ నుంచి తప్పుకున్నాడు. జబ్బు ఒకటే. అదుపులో ఉంచుకోగల పరిస్థితి ఉన్నచోట అది రికార్డుకు అడ్డం కాలేదు. లేనిచోట ఎంతటివారినైనా పోటీకి దూరం చేసింది.

ఉత్తరాంధ్రలో శ్వాసనాళాలను రేపే కారణాలకు కొదవ లేదు. పలాస ప్రాంతపు జీడిపరిశ్రమ పొగ, టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల ధూళి, విజయనగరం జిల్లా జనపనార మిల్లుల నూగు, నూర్పుల కాలంలో కళ్లాల దుమ్ము, ఇళ్లలో కట్టెల పొయ్యి పొగ అలాంటివి. ఇలాంటి వాటికి చిన్ననాటి నుంచి అలవాటుపడిన పిల్లలలో నుంచే పరుగరులు కూడా వస్తారు. శ్రీకాకుళం కోడి రామమూర్తి స్టేడియంలోనైనా, ఊరిబయటి రోడ్డు మీదనైనా వేకువజామున పరుగు తీసే యువకులు చాలామంది సైనిక, పోలీసు నియామకాల్లోని 1600 మీటర్ల పరుగును దృష్టిలో పెట్టుకున్నవారే. ఆ నియామక పరుగులు వేరు, క్రీడాపోటీలు వేరు. అయితే ఆ రోడ్ల మీద కాలు కుదిరినవారే తర్వాత జిల్లా, రాష్ట్ర పోటీలకు వెళ్లే సందర్భాలు ఉంటాయి. నిబంధనలతో వారి పరిచయం అక్కడ మొదలవుతుంది.

3. మందులు – నిబంధన గీసిన గీత

ఉబ్బసం చికిత్సలో ప్రధానంగా రెండు రకాల మందులు ఉన్నాయి. మొదటిది వాపును తగ్గించే స్టెరాయిడ్: బ్యుడెసొనైడ్ వంటివి. ఇన్‌హేలర్ ద్వారా పీల్చినప్పుడు వీటికి నిషేధం లేదు. పోటీ సమయంలో ఇవే తరగతి మందులను మాత్రగా మింగినా, ఇంజెక్షన్‌గా తీసుకున్నా నిషేధం వర్తిస్తుంది. రెండోది బిగుసుకున్న కండరాన్ని సడలించే బీటా-2 అగొనిస్టులు: సాల్బుటమాల్, ఫార్మొటెరాల్, సాల్మెటెరాల్, టెర్బుటలిన్ మొదలైనవి. మన మందుల దుకాణాలలో ఆస్తాలిన్ పేరుతో అందరికీ తెలిసినది సాల్బుటమాలే.

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) ఈ రెండో రకాన్ని మొత్తంగా నిషేధించి, కొన్నింటికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ప్రస్తుత జాబితా ప్రకారం ఇన్‌హేలర్ ద్వారా సాల్బుటమాల్ 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు మించకూడదు. అందులోనూ ఏ 8 గంటల వ్యవధిలోనూ 600 మైక్రోగ్రాములు దాటకూడదు. సాధారణ ఇన్‌హేలర్ ఒక్కసారి నొక్కితే 100 మైక్రోగ్రాములు వస్తుంది. అంటే 8 గంటల్లో 6 సార్లు, రోజంతటికీ 16 సార్లు అన్నమాట. మూత్రంలో మిల్లీలీటరుకు 1000 నానోగ్రాములకు మించి సాల్బుటమాల్ కనిపిస్తే అది చికిత్స మోతాదు కాదని భావిస్తారు. కాదని నిరూపించుకునే భారం క్రీడాకారుడిదే. టెర్బుటలిన్‌కు ఈ మినహాయింపు లేదు. ఏ రూపంలో వాడినా ముందుగా అనుమతి ఉండాలి.

ఈ అంకెలను మన వైద్య వాడుకతో పోల్చి చూస్తే అసలు సమస్య అర్థమవుతుంది. సాల్బుటమాల్ మాత్రలో సాధారణంగా 4 మిల్లీగ్రాములు, అంటే 4000 మైక్రోగ్రాములు ఉంటుంది. ఒక్క మాత్ర 40 సార్లు ఇన్‌హేలర్ నొక్కినంత. పైగా నోటి ద్వారా తీసుకునే సాల్బుటమాల్‌కు ఏ మోతాదులోనూ అనుమతి లేదు. ఆసుపత్రిలో నెబ్యులైజర్ ద్వారా పట్టే మందులో ఒక్క విడతకు 2.5 మిల్లీగ్రాములు ఉంటుంది. అదీ రోజు పరిమితిని దాటుతుంది. దగ్గుకు విరివిగా వాడే సిరప్పులలో చాలావాటిలో టెర్బుటలిన్ గానీ, సాల్బుటమాల్ గానీ, లెవోసాల్బుటమాల్ గానీ కలిసి ఉంటుంది. ఇన్‌హేలర్ పట్టుకున్నవాడు నిబంధన లోపల ఉంటాడు. చెంచాడు సిరప్ తాగినవాడు నిబంధన బయట పడతాడు. ఇద్దరి జబ్బూ ఒకటే కావచ్చు.

నిషేధిత మందు తప్పనిసరి అయినప్పుడు చికిత్సార్థ మినహాయింపు కోరవచ్చు. దానికి నాలుగు షరతులున్నాయి. జబ్బు వైద్యపరంగా నిర్ధారణ కావాలి. మందు వల్ల మామూలు ఆరోగ్యస్థితికి రావడమే తప్ప అంతకు మించిన సామర్థ్యం రాకూడదు. అనుమతి ఉన్న మరో మందు పనికిరాదని తేలాలి. ఆ అవసరం పూర్వం చేసిన డోపింగ్ వల్ల ఏర్పడినది కాకూడదు. భారతదేశంలో ఈ దరఖాస్తులను జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) పరిశీలిస్తుంది. ప్రాణాపాయ సమయంలో పొందిన చికిత్సకు తర్వాత దరఖాస్తు చేసే వీలుంది. జాతీయ స్థాయికి చేరని క్రీడాకారులు పరీక్ష జరిగిన తర్వాత కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

4. న్యాయాన్ని గురించిన వాదాలు

ఉబ్బసం మందుల మీద పరిమితులు ఎందుకు అన్న ప్రశ్నకు నిషేధాన్ని సమర్థించేవారు రెండు కారణాలు చెబుతారు. మొదటిది శరీరధర్మానికి సంబంధించినది. బీటా-2 అగొనిస్టులను పెద్ద మోతాదులో, ముఖ్యంగా నోటి ద్వారా తీసుకుంటే కండరాల బలం, తక్కువ దూరపు పరుగులో వేగం పెరగవచ్చని ప్రయోగాలు సూచిస్తున్నాయి. ఇదే కుటుంబానికి చెందిన క్లెన్‌బుటెరాల్‌ను కండపుష్టి కోసం దుర్వినియోగం చేయడం అందరికీ తెలిసినదే. రెండోది ప్రవర్తనకు సంబంధించినది. మినహాయింపు ఉంటే దానిని వాడుకోవడానికి లేని జబ్బును చూపేవారు పుట్టుకొస్తారు. 2002 సాల్ట్‌లేక్ శీతాకాల ఒలింపిక్స్ నాటికి అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఉబ్బసానికి శ్వాసపరీక్షల రుజువు అడగడానికి ఈ అనుమానమే కారణం.

దీనికి భిన్నమైన వాదం ఇలా సాగుతుంది. అనుమతించిన మోతాదులో ఇన్‌హేలర్ వాడినప్పుడు ఉబ్బసం లేనివారి దూరపు పరుగు సామర్థ్యం చెప్పుకోదగినంత పెరగదని అనేక అధ్యయనాలు తేల్చాయి. ఆరోగ్యవంతుడి శ్వాసనాళాలు అప్పటికే తెరుచుకొని ఉంటాయి. దూరపు పరుగులో అతడికి హద్దు గుండె, రక్తం, కండరాలే గాని నాళాల వెడల్పు కాదు. ఉబ్బసం ఉన్నవాడి విషయంలో మందు అతడిని ఇతరుల గీత దగ్గరకు తెస్తుంది, ముందుకు తోయదు. కళ్లజోడు పెట్టుకున్న విలుకాడికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఈ రెండు వాదాలలోనూ నిజం ఉంది. ప్రస్తుత నిబంధన ఆ రెంటి మధ్య రాజీ. ఆ రాజీ ఆచరణలో ఎలా ఉంటుందో మూడు ఉదంతాలు చెబుతాయి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 16 ఏళ్ల అమెరికన్ ఈతగాడు రిక్ డిమాంట్ 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో స్వర్ణం గెలిచాడు. అతడు చిన్ననాటి నుంచి ఉబ్బస రోగి. వాడుతున్న మందులో ఎఫిడ్రిన్ ఉంది. ఆ మందు వివరాలను అతడు ముందే తన బృందానికి రాసి ఇచ్చాడు. బృంద వైద్యులు ఆ సమాచారాన్ని ఒలింపిక్ అధికారుల దాకా తీసుకువెళ్లలేదు. పతకం పోయింది. 2001లో అమెరికా ఒలింపిక్ సంఘం తప్పు తమ వైపు జరిగిందని అంగీకరించింది గాని పతకం తిరిగి రాలేదు.

2007 జీరో డి ఇటాలియా సైకిల్ పందెంలో ఇటలీ ఆటగాడు అలెసాండ్రో పెటాకీ నమూనాలో సాల్బుటమాల్ 1352 నానోగ్రాములు కనిపించింది. అతడికి ఉబ్బసం ఉంది. ఇన్‌హేలర్‌కు అనుమతీ ఉంది. మోసం చేసే ఉద్దేశం లేదని భావిస్తూనే క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2008లో అతడిపై ఏడాది నిషేధం విధించింది. 2017 స్పెయిన్ వుయెల్టాలో క్రిస్ ఫ్రూమ్ నమూనాలో అదే పదార్థం 2000 నానోగ్రాములు వచ్చింది. అతడి తరఫున న్యాయవాదులు, శాస్త్రవేత్తలు నెలల తరబడి పనిచేశారు. మూత్రంలో కనిపించే పరిమాణం తీసుకున్న మోతాదును అన్నివేళలా ఖచ్చితంగా సూచించదన్న వాదాన్ని ముందుకు తెచ్చారు. 2018 జూలైలో కేసు మూసివేశారు. శాస్త్రపరంగా ఫ్రూమ్ వాదన సరైనదే కావచ్చు. అయితే తన శరీరంలో ఏం జరిగిందో వివరించగల స్తోమత కూడా న్యాయం పొందడంలో భాగమైందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

5. ఉత్తరాంధ్రలో రుజువు సమస్య

భారతదేశంలో ఈ మందుల విషయంలో బాగా తెలిసిన ఉదంతం క్రికెటర్ పృథ్వీ షాది. 2019 ఫిబ్రవరిలో ఇండోర్‌లో ఇచ్చిన నమూనాలో టెర్బుటలిన్ కనిపించింది. దగ్గుకు సిరప్ తాగానని అతడు చెప్పగా, భారత క్రికెట్ బోర్డు ఆ వివరణను అంగీకరించి 8 నెలల నిషేధంతో సరిపెట్టింది. డోపింగ్ నియమావళిలోని మూలసూత్రం ఇక్కడ స్పష్టంగా పనిచేసింది. శరీరంలోకి ఏది చేరినా బాధ్యత క్రీడాకారుడిదే. తెలియకపోవడం శిక్షను తగ్గించవచ్చు. నేరాన్ని రద్దు చేయదు.

బోర్డు వైద్యుల సలహా ఫోను దూరంలో ఉన్న ఆటగాడికే ఇలా జరిగినప్పుడు, సీతంపేట ఏజెన్సీ నుంచో ఇచ్ఛాపురం తీరం నుంచో వచ్చిన పరుగరి పరిస్థితి ఊహించవచ్చు. అక్కడ దగ్గు, ఆయాసం వస్తే మొదటి మజిలీ ఊరి ఆర్.ఎం.పి. లేదా మందుల దుకాణం. చీటీ లేకుండా సిరప్ దొరకడం మన ప్రాంతాలలో కొత్త కాదు. ఇన్‌హేలర్ అంటే జబ్బు ముదిరినవారికి, ఒకసారి మొదలుపెడితే మానలేనిది అన్న అపోహ బలంగా ఉంది. అందుకే ఆయాసం ఉన్న పిల్లలకు సిరప్పో మాత్రో ఇప్పించే తల్లిదండ్రులు ఎక్కువ. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో బత్తిన కుటుంబం ఇచ్చే చేపమందు కోసం తెలుగునేల నలుమూలల నుంచి జనం వెళ్లడం దశాబ్దాల ఆనవాయితీ. ఆ నమ్మకాల మంచిచెడ్డలు ఈ వ్యాసానికి విషయం కాదు. అలాంటి చికిత్సల వెనుక వైద్య పత్రం ఉండదన్నదే ఇక్కడి అంశం. మూలికామందులు క్షేమమన్న భావన కూడా అన్నివేళలా నిలవదు. ఆయుర్వేదంలో శ్వాసరోగాలకు వాడే సోమలతలో ఉండేది ఎఫిడ్రినే. పోటీ సమయంలో మూత్రంలో అది మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే నిషేధం వర్తిస్తుంది.

ఇక రుజువు విషయం. చికిత్సార్థ మినహాయింపు కోరే దరఖాస్తుకు రోగచరిత్ర, వైద్య పరీక్షతో పాటు స్పైరోమెట్రీ ఫలితాలు కావాలి. మందు పీల్చిన తర్వాత మొదటి సెకనులో ఊదగల గాలి కనీసం 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే ఉబ్బసం రుజువైనట్లు పరిగణిస్తారు. ఉబ్బసం వచ్చిపోయే జబ్బు కనుక, జబ్బు లేని రోజున పరీక్ష చేస్తే ఫలితం మామూలుగానే ఉండవచ్చు. అప్పుడు వ్యాయామం చేయించి శ్వాస ఎంత తగ్గిందో కొలిచే పరీక్షలు అవసరం. ఇవి నిపుణుల పర్యవేక్షణలో జరగాలి. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల, నెల్లిమర్లలో మహారాజా వైద్య విద్యాసంస్థ ఉన్నాయి. 2023 నుంచి విజయనగరంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. ఛాతీ వ్యాధుల కోసమే ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి మాత్రం విశాఖపట్నంలో ఉంది. ఇచ్ఛాపురం నుంచి అది 200 కిలోమీటర్లకు పైగా దూరం. కూలి మానుకొని తండ్రి, సాధన మానుకొని కొడుకు ఒకటికి రెండుసార్లు అక్కడికి వెళ్లడం చిన్న విషయం కాదు.

పరీక్ష జరిగిన తర్వాత దరఖాస్తు చేసుకునే వీలు కింది స్థాయి క్రీడాకారులకు ఉందని పైన చెప్పుకున్నాం. ఆ వెసులుబాటు నిజంగా పనికిరావాలంటే, మందు వాడిన నాటికే జబ్బు నిర్ధారణ పత్రం ఉండాలి. రాత్రి ఊపిరాడక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళితే నెబ్యులైజర్ పట్టి పంపిస్తారు. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని గంటలకు అన్న వివరాలతో చీటీ ఇవ్వమని అడగాలని ఆ కుటుంబానికి తెలియదు. ఆ చీటీ లేకపోతే నిజమైన రోగికీ దొంగరోగికీ మధ్య తేడా చూపడం కష్టం.

ఇది ఉన్నత స్థాయి క్రీడాకారుల సమస్య మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. వాడా ప్రకటించిన 2023 గణాంకాల ప్రకారం భారత నమూనాలలో 3.8 శాతం నిషేధిత పదార్థాలు చూపాయి. ఎక్కువ పరీక్షలు జరిపిన దేశాలలో ఇది అత్యధికం. అందువల్ల పరీక్షల పరిధి విస్తరిస్తోంది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర స్థాయి అథ్లెటిక్స్ పోటీలకు నాడా అధికారులు వచ్చారని తెలియగానే పలువురు తప్పుకున్నారు. పురుషుల 100 మీటర్ల తుదిపోటీలో ఒక్కరే పరుగెత్తారు. తప్పు చేసినవారిని భయపెట్టే పరీక్ష అవసరమే. మత్స సంతోషి వంటివారికి రక్షణ అదే. అయితే పరీక్ష రాష్ట్ర స్థాయికి దిగివచ్చినంత వేగంగా వైద్య నిర్ధారణ, మందుల అవగాహన జిల్లా స్థాయికి దిగిరాకపోతే, వలలో పడేవారిలో మోసగాళ్లతో పాటు రోగులూ ఉంటారు.

6. మాటలు చేసే పని

ఈ సమస్యలో భాషకూ పాత్ర ఉంది. మూడు మాటలను పరిశీలిస్తే అది తెలుస్తుంది.

మొదటిది ఆయాసం. సంస్కృతంలో ఆయాస శబ్దానికి శ్రమ, అలసట అని అర్థం. తెలుగులో అది రొప్పును సూచిస్తుంది. వాడుకలో ఉబ్బస వ్యాధికీ అదే పేరు. మెట్లెక్కితే వచ్చేదీ ఆయాసమే, రాత్రంతా నిద్ర పట్టనివ్వనిదీ ఆయాసమే. కనుక పరుగు తర్వాత ఆయాసం వస్తోందని పిల్లవాడు చెబితే, పరుగెత్తితే ఆయాసం రాదా అన్న సమాధానం సహజంగా వస్తుంది. జబ్బు లక్షణం శ్రమ లక్షణంగా కనిపించి మరుగునపడిపోతుంది. ఆయుర్వేదం తమకశ్వాస అని వేరుగా గుర్తించినదీ, వాడుకలో పిల్లికూతలు అని స్పష్టంగా చెప్పగలిగినదీ మైదానంలో ఒక్క ఆయాసంలో కలిసిపోతోంది. పరుగు ఆపిన పది నిమిషాలకూ తగ్గక, పైగా పెరిగే రొప్పు శ్రమ వల్ల వచ్చినది కాదని శిక్షకుడు గుర్తించగలిగితే నిర్ధారణ అక్కడే మొదలవుతుంది.

రెండోది ఉత్ప్రేరకం. తెలుగు పత్రికలు నిషేధిత పదార్థాలన్నింటినీ ఉత్ప్రేరకాలు అని రాస్తున్నాయి. రసాయనశాస్త్రంలో ఈ మాటకు చర్యావేగాన్ని మార్చేది అని నిర్దిష్టమైన అర్థం ఉంది. క్రీడావార్తలలో అది ఉత్తేజం కలిగించే మందు అన్న అర్థంలో స్థిరపడింది. ఎఫిడ్రిన్ వంటి వాటికి ఆ మాట కొంత సరిపోతుంది. మూత్రాన్ని పెంచే మందుకూ, శ్వాసనాళాన్ని సడలించే మందుకూ సరిపోదు. కండలు పెంచే స్టెరాయిడ్ సూది తీసుకున్నవాడికీ, దగ్గు సిరప్ తాగినవాడికీ ఒకే మాట వాడినప్పుడు పాఠకుడి మనసులో ఇద్దరూ ఒకే గాటన కట్టబడతారు.

మూడోది డోపీ. నమూనాలో నిషేధిత పదార్థం కనిపించడం విచారణకు ఆరంభం మాత్రమే. డోపీగా తేలారు అన్న శీర్షిక తీర్పులా ధ్వనిస్తుంది. తర్వాత వివరణ అంగీకరించబడినా, శిక్ష తగ్గినా, ఆ వార్తకు మొదటి శీర్షికంత చోటు దొరకదు. చిన్న ఊళ్లలో పత్రిక ముద్ర ఎంత కాలం నిలుస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. నిషేధిత పదార్థం, పరిమితి దాటిన మందు, విచారణలో ఉన్న నమూనా వంటి మాటలు వాడితే వార్త బలం తగ్గదు, ఖచ్చితత్వం పెరుగుతుంది.

7. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. అనుమతించిన మోతాదులో ఇన్‌హేలర్ వాడే ఉబ్బస రోగికి తోటి పరుగరుల మీద అన్యాయమైన ఆధిక్యం వస్తుందనడానికి తగిన ఆధారం లేదు. పెద్ద మోతాదులు, మాత్రలు, సిరప్పుల విషయంలో నిషేధానికి హేతువు ఉంది. కనుక గీత ఉండటం న్యాయమే.

2. ఆ గీతకు ఇవతల ఉండటానికి కావలసినవి ఇన్‌హేలర్ చికిత్స, శ్వాసపరీక్ష, రాతపూర్వక రోగచరిత్ర. ఇవి అందుబాటులో ఉన్నవారికి నిబంధన రక్షణ. లేనివారికి అదే ఉచ్చు. ఉత్తరాంధ్ర వంటి ప్రాంతాలలో న్యాయానికి సంబంధించిన అసలు ప్రశ్న ఇక్కడ ఉంది.

3. ప్రస్తుతం వైద్యులు ఉబ్బసానికి ఉత్తమమని సిఫారసు చేసే చికిత్స, అంటే ఇన్‌హేలర్ ద్వారా స్టెరాయిడ్, దానితో పాటు పరిమితిలో ఫార్మొటెరాల్ లేదా సాల్బుటమాల్, నిబంధనకు లోబడినదే. మంచి వైద్యానికీ డోపింగ్ నియమానికీ ఇక్కడ వైరుధ్యం లేదు. ఇన్‌హేలర్ మీద ఉన్న అపోహ తొలగించడం ఆరోగ్యానికీ, క్రీడకూ మేలు చేస్తుంది.

4. జిల్లా జట్ల ఎంపిక సమయంలో ఆయాసం గురించి రెండు ప్రశ్నలు అడగడం, అవసరమైనవారిని బోధనాసుపత్రులకు పంపడం, ప్రతి మందుకూ చీటీ దాచుకోవాలని చెప్పడం, మందు కొనేముందు నాడా రూపొందించిన ‘నో యువర్ మెడిసిన్’ యాప్‌లో సరిచూసుకోవడం నేర్పడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. కళాశాలల వ్యాయామ విద్యా విభాగాలు ఈ బాధ్యత తీసుకోవచ్చు.

5. ఆయాసం, ఉత్ప్రేరకం, డోపీ అనే మాటల అస్పష్టత వల్ల జబ్బు గుర్తింపు ఆలస్యమవుతోంది. నిందకు మాత్రం ఆలస్యం కావడం లేదు. క్రీడావైద్య పరిభాషను తెలుగులో నిర్దిష్టం చేయడం భాషాపరిశోధకుల ముందున్న పని.

పోటీలో సమానత్వం ప్రారంభ గీత దగ్గర మొదలవుతుందని అనుకుంటాం. ఉబ్బసం ఉన్న పల్లె పరుగరి విషయంలో అది అంతకు చాలా ముందే, ఆసుపత్రి చీటీ దగ్గర మొదలవుతుంది. ఆ చీటీ చేతికి అందేలా చూసిన తర్వాత అడిగే జవాబుదారీతనానికే పూర్తి న్యాయబలం ఉంటుంది.